జాక్సన్ లేక్ మీదికి పిల్లలతో వెళ్లే ముందు

చి.ల.సౌ. సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

జూలైలో అమెరికాలోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కుకు వెళ్తున్నారని, పడవలెక్కాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారని మీ నాన్న చెప్పాడు. మీ అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారట. అంటే ఆరుగురు. అందులో ఈత వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. అది దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ముందు ఏ చెరువో తేల్చుకోండి. ఆ పార్కులో ఒక్కోదానికి ఒక్కో నియమం. జాక్సన్ లేక్‌లో మోటారు బోట్లు, తెరచాప పడవలు, వాటర్ స్కీయింగ్ (మోటారు బోటు వెనక తాడు పట్టుకుని నీళ్లమీద జారడం) అన్నీ నడుస్తాయి. జెన్నీ లేక్‌లో మోటారు 10 హార్స్‌పవర్ దాటకూడదు. స్ట్రింగ్, లీ చెరువుల్లో తెడ్డు వేసుకుని వెళ్లడమే. జెట్ స్కీలు ఎక్కడా ఒప్పుకోరు. తర్వాత పక్కనే ఉన్న ఎల్లోస్టోన్ పార్కుకు పోతారు కదా, అక్కడ మాత్రం తెడ్డు పట్టుకోవద్దు. అక్కడి ఎల్లోస్టోన్ సరస్సు 2,357 మీటర్ల ఎత్తున ఉంటుంది, నీళ్లు ఇంకా చల్లన, నడిమధ్యన దాక్కోవడానికి చోటుండదు. ఒడ్డున నిలబడి చూసి రండి చాలు.

మొదటి రోజు స్ట్రింగ్ లేక్. సన్నగా, లోతు తక్కువగా ఉంటుంది. చాలాచోట్ల అడుగున రాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలకు తెడ్డు నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పార్కింగ్ మాత్రం పొద్దున్నే నిండిపోతుంది. చేయి తిరిగాక ఉత్తరపు కొసన కనూను (తెడ్లతో నడిపే సన్నని పొడవాటి పడవ) గట్టెక్కించి, కొద్ది దూరం కాలిబాటన మోసుకెళ్తే లీ లేక్‌లో పడతారు. ఖాళీ కనూ కూడా ముప్పై కిలోల పైమాటే. మీరిద్దరూ చెరో కొస పట్టాలి, సామాను రెండో విడత.

రెండో రోజు జాక్సన్ లేక్, కోల్టర్ బే నుంచి. అక్కడ ఒడ్డుకు దగ్గర్లోనే చిన్న చిన్న లంకలు గాలికి అడ్డంగా ఉంటాయి. వాటి లోపలే తిరగండి. లంకలు దాటి వెడల్పు నీళ్లలోకి పోవాలని మీ ఆయనకు తప్పకుండా అనిపిస్తుంది. ఆపాల్సింది నువ్వే.

ఎందుకంటే గాలి. తెల్లవారి అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి తెల్లనురగలు కక్కుతాయి. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. కొండలు ఉన్నదీ పడమటనే కాబట్టి, మబ్బు శిఖరం దాటేదాకా మీ కంటికి కనబడదు. కనబడ్డాక మీకు మిగిలేది కొద్ది నిమిషాలే. ఇంకో మాయ ఉంది. పడమటి ఒడ్డున కొండ చాటున నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, అంతా బాగుందనుకుంటారు. తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక పెద్ద అలలు వెనకనుంచి తరుముకొస్తాయి. అందుకే మరీనా (పడవలు అద్దెకిచ్చే రేవు) తెరవగానే నీళ్లమీద ఉండాలి, భోజనం వేళకు గట్టున ఉండాలి. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డు చేరండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ దిగాలి.

ఇక చలి. జనం లోతు చూసి భయపడతారు గానీ, అక్కడ మనిషిని తీసేది చల్లదనం. మంచు కరిగిన నీరు, జూలైలోనూ చాలా రోజులు 60 ఫారెన్‌హీట్‌కు లోపే. పడిన మొదటి నిమిషం ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే ఎంత ఈతగాడైనా మునుగుతాడు. ఆ నిమిషం ఏమీ చేయకుండా తల పైకి ఉంచుకుని ఊపిరి నిలదొక్కుకోవాలి. తర్వాత ఓ పది నిమిషాలు చేతులు మాట వింటాయి. పడవ ఎక్కడమో పట్టుకోవడమో ఆ లోపే జరగాలి. స్పృహ తప్పడానికి గంటదాకా పట్టొచ్చు, కానీ లైఫ్ జాకెట్ లేనివాళ్లకు ఆ గంట దక్కదు. ఒడ్డు దగ్గరే అనిపించినా బోల్తా పడ్డ పడవను వదిలి ఈదవద్దు. దూరం నుంచి తల కంటే పడవ ముందు కనిపిస్తుంది.

ఆ పార్కులో 13 ఏళ్ల లోపు పిల్లలు కదిలే పడవలో జాకెట్ తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లకు తలా ఒకటి పడవలో ఉంటే నియమం తీరినట్టే, కానీ నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం ఎవరి వల్లా కాదు. అందరూ వేసుకోండి. పిల్లల జాకెట్ వయసును బట్టి కాదు, బరువును బట్టి చూడాలి: 30 నుంచి 50 పౌండ్లకు ఒక సైజు, 50 నుంచి 90కి ఇంకోటి. బకిళ్లన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడు. చెవులదాకా జారి వస్తే అది పనికిరాదు. చిన్నదానికి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడుగు.

నూలు బట్టలొద్దు. జీన్స్ తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. చున్నీలు కారులోనే. ఉంగరాలు కూడా తీసెయ్, చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి తెలియకుండా జారిపోతాయి. కళ్లజోళ్లకు తాడు, కారు తాళం నీరు చొరని డ్రై బ్యాగులో, ఇంకో బ్యాగులో ఒక్కొక్కరికి ఒక పొడి జత.

కనూ బోల్తా పడేది అలల్లో కంటే ఒడ్డు దగ్గరే ఎక్కువ. సగం గట్టున, సగం నీళ్లలో ఉన్న కనూ ఒక్క బిందువు మీద ఆని ఉంటుంది, కాలు పెట్టగానే గిర్రున తిరుగుతుంది. పూర్తిగా తేల్చి, ఒడ్డుకు పక్కగా ఆనించి, ఒకరు పట్టుకుంటే రెండోవాళ్లు వంగి, రెండు అంచులూ పట్టుకుని, నట్టనడుమ అడుగు వేయాలి. నీళ్లలో పడ్డ టోపీ కోసం ఎవరూ వంగకూడదు. టోపీ పోతే పోయింది.

బరువైన మనిషి వెనక. ఇద్దరూ చెరో పక్కన, ముందున్నవాళ్ల తాళానికే వెయ్యాలి. వెనకవాడు మామూలుగా తోస్తే పడవ ముక్కు అవతలి పక్కకు తిరుగుతుంది. అందుకని తోపు చివర బొటనవేలు కిందికి వచ్చేలా తెడ్డు తిప్పి బయటికి చిన్నగా నెట్టాలి. ఇది రానివాళ్లు మాటిమాటికీ పక్కలు మార్చుకుంటూ పాములా మెలికలు తిరుగుతారు. ఎదురుగాలి వస్తే బ్యాగులు కాస్త ముందుకు జరపండి, ముక్కు తేలికైతే గాలి దాన్ని పట్టి తిప్పేస్తుంది. అలకు పక్క చూపించవద్దు, కొంచెం ఏటవాలుగా ఎదుర్కోండి, సీటు దిగి మోకాళ్లమీద కూర్చోండి.

మీ అత్తమామలకు కనూ వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. జాక్సన్ లేక్ మీదే ఉన్న సిగ్నల్ మౌంటెన్ మరీనాలో పాంటూన్ బోటు (చదునుగా, సీట్లతో ఉండే మోటారు పడవ) అద్దెకు తీసుకోండి. ముందే ఒక సంగతి. మోటారు మన దగ్గర లాగినట్టు అక్కడ లాగదు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. జాక్సన్ లేక్ ఉన్న 6,770 అడుగుల దగ్గర అయిదో వంతు పోయినట్టే. దాన్ని చెడిపోయిందని మరీనావాళ్లతో తగువు పడకండి. ఇంజన్ ఆపే తాడు నడిపేవాడి ఒంటికి తగిలించుకోవాలి. పెట్రోలులో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది గాలికి. ఇంజన్ నడుస్తుండగా పిల్లలను వెనక మెట్టు మీద కూర్చోనివ్వద్దు, అక్కడ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. స్కీయింగ్ చేస్తామంటే నడిపేవాడు కాక, వెనక్కి చూస్తూ ఉండే మనిషి ఇంకొకరు తప్పనిసరి.

మీ ఆయన కొన్న గాలి నింపే ప్యాడిల్ బోర్డు (మీద నిలబడి తెడ్డు వేసే పలక) తెస్తారు కదా. దానికి పార్కు పర్మిట్ కావాలి, రిక్రియేషన్ డాట్ గవ్‌లో ముందే కొనండి. బోర్డు 10 అడుగులు దాటితే ఆ పార్కు ఉన్న వ్యోమింగ్ రాష్ట్రపు స్టిక్కరు కూడా కావాలి. దారిలో తెరిచి ఉన్న ప్రతి తనిఖీ కేంద్రం దగ్గరా ఆగాలి. జీబ్రా మసెల్ అనే వేలెడంత కూడా లేని ఆల్చిప్ప ఒక చెరువు తడితో ఇంకో చెరువుకు పాకుతుంది, ఆ తనిఖీ దానికోసమే. బోర్డు కడిగి, అడుగున ఉండే ఫిన్ (రెక్క) సందుల్లో నాచు తీసి, ఎండబెట్టి తీసుకెళ్తే అయిదు నిమిషాల్లో వదిలేస్తారు. గాలి నింపాక ఎండలో ఒడ్డున పడేయవద్దు, లోపలి గాలి పెరిగి అతుకులు విడిపోతాయి. బోర్డును స్ట్రింగ్ లేక్‌కే పరిమితం చేయండి.

పులిహోర, పెరుగన్నం తీసుకెళ్తావని తెలుసు. డబ్బాలు పడవలో గానీ ఒడ్డున గానీ వదిలి కదలవద్దు. ఎలుగుబంటికి ఆ వాసన చాలు. ఇనప పెట్టెలుంటాయి, వాటిలో పెట్టి గొళ్లెం వేయండి. ఎలుగుకు 100 గజాలు, నీళ్లలో దిగిన మూస్‌కు (పెద్ద దుప్పి లాంటి జంతువు) 25 గజాలు ఎడం ఉండాలి, పడవలో ఉన్నా సరే.

బయలుదేరే ముందు మరీనాకు ఫోన్ చేసి నీటిమట్టం కనుక్కో. జాక్సన్ లేక్ సహజమైన సరస్సే గానీ పైన 39 అడుగులు డ్యామ్ నిలిపిన నీరు, 1916లో ఎత్తు పెంచారు. ఆ నీరు ఐడహో రైతులది. మన సాగర్ ఆయకట్టుకు వదిలినట్టే వేసవిలో వాళ్లకు వదులుతారు. వానలు, మంచు తక్కువైన ఏడాది కోల్టర్ బేలో పడవలు దింపే ర్యాంపు ముందే బురదలో తేలి మూసేస్తారు. అప్పుడు సిగ్నల్ మౌంటెన్‌లోనే కనూ కూడా అడుగు.

పిల్లల బరువులు ఇప్పుడే తూచి రాసిపెట్టుకో, అక్కడ కౌంటర్ దగ్గర అడుగుతారు.

ఆశీస్సులతో,
పెదనాన్న