శాలువా కప్పే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ప్రధానోపాధ్యాయురాలిగా నీ మొదటి సెప్టెంబరు 5కే బడిలో మనసు పెట్టి పనిచేసేవారిని సన్మానించ తలపెట్టావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి సంతోషంతో పాటు కొంత దిగులు కూడా నన్ను పట్టుకుంది. ఆ దిగులు ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

శాలువాలు, ప్రశంసాపత్రాలు ముందుగానే తెప్పించు. ఇంటిపేర్లతో సహా తప్పుల్లేకుండా అచ్చయ్యాయో లేదో నీవే చదివి చూడు. పిల్లలను ఎండలో కూర్చోబెట్టకు. ఇవి నీకు తెలియనివి కావు. నా భయమంతా ఎవరిని ఎంచుకుంటావన్న దాని గురించే.

జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడినైన రెండో ఏడు నేనూ ఇలాంటి సన్మానమే పెట్టాను. పదో తరగతి ఫలితాల కాగితం ముందు పెట్టుకుని, ‘ఎ’ సెక్షనులో అందరూ ఉత్తీర్ణులయ్యారు కనుక లెక్కల మాస్టారి పేరు పది నిమిషాల్లో తేల్చేశాను. ఆయన సమర్థుడే. అయితే ‘బి’ సెక్షను చూసే సోషల్ మాస్టారు ఆ ఏడాది పత్తి తీతలకు పోయిన పిల్లల కోసం తెల్లవారకముందే చేల గట్ల వెంట తిరిగి, తల్లిదండ్రులతో కూలి లెక్కలు కూడా మాట్లాడి ఒప్పించి, పదకొండు మందిని బడికి తిరిగి తెచ్చారు. రాత్రి పొద్దుపోయేదాకా వరండాలో కూర్చోబెట్టి చదివించారు. వారిలో ఆరుగురు గట్టెక్కారు, ఐదుగురు తప్పారు. నా కాగితంలో నాకు ఆ ఐదుగురే కనిపించారు. సన్మానం నాడు మైకు సరిచేసింది ఆయనే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ ఆయనే. తప్పిన ఐదుగురిలో ఒక కుర్రాడు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నేను బయటికి వస్తుంటే, “మా సారుకి వెయ్యరా అండీ?” అని అడిగాడు. నేను వినిపించనట్టు నడిచాను. మరుసటి వేసవి బదిలీల్లో ఆయన వేరే ఊరు కోరుకున్నారు. ఆ ఏడు పత్తి కాలంలో చేల గట్ల మీదికి నేనే వెళ్లాను. నన్ను చూసి పిల్లలు చెట్ల చాటుకు తప్పుకున్నారు.

నీకూ తొందర ఎక్కువ. చిన్నప్పుడు పలక మీద కూడిక పూర్తికాక ముందే జవాబు రాసి నా ఒళ్లో పెట్టేదానివి. తప్పని తెలిశాక కళ్లనీళ్లు పెట్టుకునేదానివి. ఈసారి తొందరపడకు తల్లీ.

1958 నుంచి ఇస్తున్న జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి ఉపాధ్యాయులే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు ఒకరి సిఫారసు అక్కర్లేకపోవడం మంచిదే. కానీ గట్ల వెంట తిరిగే మనిషి తన గురించి తాను రాసుకోడు. అందువల్ల నీవు దరఖాస్తులు పిలవకు. పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, “ఒంట్లో బాగులేకపోతే ఎవరితో చెప్పుకుంటారు?” అని అడుగు. వారి నోట ఆయా పేరో, వంట చేసే అమ్మ పేరో రావచ్చు. 2003లో మన బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పటి నుంచి కట్టెల పొగలో కళ్లు మండుతున్నా ఆ ఆడవాళ్లు పిల్లలకు వండి పెట్టడం నేను కళ్లారా చూశాను. 2009లో కేంద్రం వారికి నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. అలాంటివారిని ఎంచుకుంటే వంటగదిలోనే శాలువా కప్పి రాకు. వేదిక మీదికి పిలిచి మాస్టార్ల పక్కన కుర్చీ వేయించు.

ఇంకొక్క మాట. ఫలానా టీచరు ఒక పిల్లకు చెప్పులు కొనిచ్చిందని చెప్పాలనిపిస్తే, ఆ పిల్ల పేరుగానీ తరగతిగానీ పొరపాటున కూడా మైకులో చెప్పకు. మరునాడు అదే బెంచీ మీద తోటివారి మధ్య కూర్చోవలసింది ఆ పిల్ల.

నన్ను కూడా రమ్మన్నావట. మోకాళ్లు సహకరిస్తే తప్పక వస్తాను. నాకు వేదిక మీద కుర్చీ వద్దు, పిల్లల వెనక కూర్చుని చూస్తాను. ఆ హడావుడిలో పడి నీవు వేళకు తినడం మానకు.

మీ పెదనాన్న