నైట్రోజన్‌కి ఐదా, ఏడా?

ప్రశ్న: సర్, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. నైట్రోజన్‌కి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5 అని మా లెక్చరర్ చెప్పారు, గైడ్‌లో ఒకచోట 7 అని ఉంది. ఏది రైటు? ఇంకోటి, డంబెల్ లాంటి ఆ మాలిక్యూల్ తన పొడవు చుట్టూ తను తిరగదా, దాన్నెందుకు లెక్కపెట్టరు?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: రెండూ రైటేనమ్మా, టెంపరేచర్ చెప్పకుండా నంబర్ ఒక్కటే ఇస్తే వచ్చే తంటా ఇది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే మాలిక్యూల్ ఎనర్జీని దాచుకునే దారులు. అటూ ఇటూ పరిగెత్తడానికి 3, గిరగిరా తిరగడానికి 2, మొత్తం 5. రెండు పరమాణువుల మధ్య బంధం స్ప్రింగ్‌లా ఊగితే కైనెటిక్ ఒకటి, పొటెన్షియల్ ఒకటి, ఇంకో 2 కలిసి 7. కానీ ఊగడానికి టికెట్ ఉంది, అంటే కనీసం ఇంత ఎనర్జీ ఒకేసారి కట్టాలి, హాఫ్ టికెట్ ఇవ్వరు! నైట్రోజన్‌కి ఆ టికెట్ సుమారు 0.29 ఎలక్ట్రాన్ వోల్ట్, మామూలు గది వేడిలో మాలిక్యూల్ జేబులో ఉండేదేమో 0.026 చొప్పున, అంటే మూడు రూపాయల టికెట్‌కి పావలా పట్టుకుని బస్సెక్కినట్టు. అందుకే గదిలో నైట్రోజన్ సీవీ (వాల్యూమ్ మార్చకుండా ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే ఎనర్జీ) కొలిస్తే మోల్‌కి ఒక్కో కెల్విన్ డిగ్రీకి 20.8 జౌల్స్ వస్తుంది, అది 5 లెక్కే. 3000 కెల్విన్ దాకా కాలిస్తే అప్పుడు 7కి దగ్గరపడుతుంది.

నీ రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది. పుస్తకాల్లో "మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (తిప్పితే అడ్డం తిరిగే మొండితనం) చాలా తక్కువ కాబట్టి వదిలేస్తాం" అని రాసి చేతులు దులుపుకుంటారు, పాత క్లాసికల్ లెక్కలో అయితే ఇనర్షియా ఎంత చిన్నదైనా దాని ఎనర్జీ వాటా దానికి రావాల్సిందే కదా! అసలు సంగతేంటంటే ఇనర్షియా తగ్గేకొద్దీ టికెట్ రేటు పెరుగుతుంది, పొడవు చుట్టూ తిరగడానికి అది ఎంత ఎక్కువంటే మాలిక్యూల్ ముక్కలైపోయే వేడిలో కూడా కొనలేదు.

మామూలు తిరుగుడికీ టికెట్ ఉంది, కాకపోతే నైట్రోజన్‌కి అది చిల్లర లెక్క. హైడ్రోజన్ తేలిక కాబట్టి దానికి కాస్త ఖరీదు. 1912లో ఆయికెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త హైడ్రోజన్‌ని బాగా చల్లబరిచి కొలిస్తే 5 కాస్తా 3కి పడిపోయింది, అచ్చం హీలియంలాగా!

కార్బన్ డయాక్సైడ్ ఇంకో రకం, దాని వంగి ఊగే కదలిక టికెట్ చవక, గదిలోనే కొన్ని మాలిక్యూల్స్ కొనేస్తాయి, అందుకే దాని గామా (ప్రెషర్ మార్చకుండా కొలిచే సీపీకీ, సీవీకీ ఉన్న నిష్పత్తి) 5 లెక్కకి వచ్చే 1.4 కాకుండా 1.3 దగ్గరుంటుంది.

పరీక్షలో డయాటమిక్ గ్యాస్‌కి "రిజిడ్" (బంధం ఊగదు) అని ఉన్నా, ఏమీ చెప్పకపోయినా 5 పెట్టెయ్. వైబ్రేషన్ మాట ఎత్తితేనే 7.