కర్నూలు గుహ మట్టిలో దొరికిన వెన్నుపూస సాలమాండర్‌దేనా?

మీ ఫోటో చూశాను. బేతంచెర్ల వైపు గుహ మట్టిలో దొరికిన పూస రెండు చివరలా గుంటగా ఉంది, అంతరించిపోయిన సాలమాండర్‌ది కావచ్చా అని అడిగారు. సాలమాండర్ అంటే చూడ్డానికి బల్లిలా ఉండే కప్పల చుట్టం. నాకైతే ఈ పూస బల్లిదే అనిపిస్తోంది. ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మా సారు ఒక సంచెడు గుహ మట్టి ఇచ్చారు. నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, తడి బ్రష్ మొనతో ఒక్కో ఎముక ఏరడం, అదీ పని. మూడో వారంలో కందిబేడలో సగం కూడా లేని పూస ఒకటి దొరికింది. లెన్స్ కింద చూస్తే రెండు చివరలా గుంట, నడిమధ్య సన్న రంధ్రం. పాతకాలపు సాలమాండర్ల పూసలు ఇట్లాగే ఉంటాయని పుస్తకంలో చదివున్నా, ఇంకేముంది, ఆ రాత్రి నిద్ర లేదు, కొత్త జాతికి పేరు కూడా ఆలోచించేశా. (1880ల్లో బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వించిన ఎముకలు చూసి, 1886లో లైడెక్కర్ అనే శిలాజాల నిపుణుడు ఒక ఖడ్గమృగానికి 'కర్నూలియెన్సిస్' అని మన ఊరి పేరే పెట్టాడు మరి.)

సారు చూసి, "పక్కటెముక యాడ తగులుతుందో చూసినావా?" అన్నారు, అంతే. సాలమాండర్ పక్కటెముకకి సాధారణంగా రెండు తలలు (అంటే పూసకి అతికే కొసలు), అందుకే నడుము పూసకి పక్కలకి పొడుచుకొచ్చిన కొమ్ము కొస రెండుగా చీలి ఉంటుంది. బల్లి పక్కటెముకకి ఒకటే తల, పూస మీద చిన్న బుడిపె ఉంటే చాలు. నాదాంట్లో ఉన్నది బుడిపే. తొండ, పాము అయితే పూసకి ముందు గుంట, వెనక గుండు, తేలిగ్గా పట్టేయొచ్చు. చాలా రకాల బల్లులకి మాత్రం రెండు వైపులా గుంటే, అక్కడే దెబ్బతిన్నా.

నమ్మకం కుదరక, తలుపు సందులో పడి చచ్చిన బల్లిని అగ్గిపెట్టెలో వేసి చీమల పుట్ట పక్కన పెట్టా. "బల్లి మీద పడితేనే తలకు పోసుకోవాల, నువ్వు పెట్టెలో పెట్టుకోని తిరుగుతాండావా" అని అమ్మ ఒకటే అరుపులు. ఎముకలు మిగిలాక ఆ పూసని దీని పక్కన పెడితే అచ్చం అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఒకవేళ సాలమాండరే అనుకుందాం, జాతి పేరు చెప్పడం ఇంకా కష్టం. మెడ మొదటి పూస దొరికితే అదృష్టం, దానికి ముందుకు నాలుకలాంటి మొన ఉండి పుర్రె రంధ్రంలోకి దూరుతుంది. మిగతా పూసల్లో గుండు ముందుందా, రెండు వైపులా గుంటేనా, నరాలు పూసకి చిల్లు చేసుకుని వస్తున్నాయా లేక రెండు పూసల సందులోంచా అన్నది చూసి కుటుంబం దాకా వెళ్లొచ్చు. ఒకే జంతువు నడుము పూస, తోక పూస వేరువేరుగా ఉంటాయి, ఏమరితే ఒకదానికే రెండు పేర్లు పడతాయి. అందుకే పుర్రె, దవడ, బతికున్న వాటి అస్థిపంజరాలు అన్నీ ఎదురుగా ఉండాలి.

పెద్దవాళ్లే బోల్తా పడ్డారు లెండి. 1726లో షాయిక్‌జర్ అనే స్విస్ డాక్టరు ఒక రాతిలోని ఎముకల్ని బైబిల్లో చెప్పిన జలప్రళయంలో మునిగిన మనిషివని ప్రకటించాడు. 1811లో క్యువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సాలమాండర్ అస్థిపంజరం బొమ్మ దగ్గర పెట్టుకుని ఆ రాయిని చెక్కితే, తను చెప్పినట్టే ముందుకాళ్లు బయటపడ్డాయి. అదొక పెద్ద సాలమాండర్.

ఇప్పుడు మన దేశంలో సాలమాండర్లు ఉన్నది డార్జిలింగ్, అరుణాచల్, మణిపూర్ లాంటి ఈశాన్యం వైపు కొండల్లోనే. కాబట్టి మన దగ్గరి ఎముక అయితే ముందు బల్లి, తొండ, కప్ప కాదని తేల్చుకోవాలి.

పూసని పక్క నుంచి, ఆ బుడిపె కనపడేలా ఇంకో ఫోటో పెట్టండి. పక్కన స్కేలు ఉంచండి, రూపాయి బిళ్ళ కాదు. ఏ లోతులో దొరికిందో రాయండి, అక్కడ మాత్రం ఇంక తవ్వకండి.