టేకు పట్టీల మీది వైరింగ్ మార్చాలా?

ప్రశ్న: మా ఇల్లు 1972లో నాన్నగారు కట్టించారు. గోడల మీద టేకు పట్టీలు, నల్లని గుండ్రటి స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అమ్మ గదిలో ఏసీ పెట్టించాలనుకుంటున్నాం. ఒక ఎలక్ట్రీషియన్ వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. ఇంకొకరు మీటరు పక్కన ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తానే ఆపేసే స్విచ్చు) పెడితే చాలంటున్నారు. వానాకాలంలో గ్రైండరు ముట్టుకుంటే సన్నగా షాక్ తగులుతోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ గ్రైండరు ఈ రోజే ప్లగ్ నుంచి తీసేయండి. ఏసీ సంగతి తర్వాత.

ఆ రోజుల్లో లైట్లకూ ఫ్యాన్లకూ రెండు తీగలే లాగేవారు. మూడోది, అంటే ఎర్త్, చాలా ఇళ్లలో లేనే లేదు. తర్వాత ఎవరో మూడు రంధ్రాల ప్లగ్ పాయింటు బిగించి ఉంటారు, పై రంధ్రం వెనక తీగ ఉండదు. గ్రైండరులో లీకైన కరెంటుకు భూమిలోకి మరో దారి లేక మీ చేతి గుండా వెళుతోంది. ఎంసీబీ దీన్ని ఆపలేదు. 16 ఆంపియర్ల ఎంసీబీ తీగ వేడెక్కకుండా కాపాడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. ప్రాణం కాపాడటానికి కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తానే ఆపేసే స్విచ్చు, దానితోపాటు నిజమైన ఎర్త్. ఎర్త్ ఉంటే లీకు మొదలవగానే కరెంటు ఆగుతుంది. లేకపోతే మనిషి ముట్టుకున్నాకే ఆగుతుంది.

ఇక తీగలు. ఇంటి వయసు చూసి నేను తీర్పు చెప్పను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, అమ్మగారి గదిలో ఒక్క బోర్డు విప్పించండి. తీగ కొనను కాస్త వంచమనండి. పైన గుడ్డ, లోపల రబ్బరు ఉన్న పాత రకమైతే ఆ రబ్బరు ఎండిన మట్టిలా రాలిపోతుంది. అలా రాలితే ఇక చర్చ వద్దు, మొత్తం మార్చాల్సిందే. ప్లాస్టిక్ తొడుగుతో మెత్తగా ఉంటే 500 వోల్టుల మెగ్గర్‌తో (తీగ తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరు) పరీక్ష చేయించి, ముల్లు ఎక్కడ ఆగిందో మీ కళ్లతో చూడండి. ఒక మెగోమ్ (పది లక్షల ఓములు) కంటే తక్కువ వస్తే ఆ లైను పనికిరాదు. వీలైతే వాన వెలిసిన మర్నాడు చేయించండి. ఎండల్లో అంతా బాగున్నట్టు కనిపించిన గోడలు చెమ్మపట్టాక అసలు సంగతి చెప్పడం ఎన్నో ఇళ్లలో చూశాను.

నాన్నగారి కాలంలో ఒక గదిలోని బల్బు, ఫ్యాను కలిపి ఒక ఆంపియర్ కూడా లాగేవి కావు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను బోర్డు నుంచి దానికి కనెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. మెయిన్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్త్ తీగ విడిగా లాగించి, సొంత ఎంసీబీ పెట్టించండి.

డబ్బు ఒకేసారి సమకూరకపోతే ముందు ఎర్త్ గొయ్యి, ఆర్‌సీసీబీ. ఆ వెంటనే వంటిల్లు, స్నానాలగది, అమ్మగారి గది. ముందు గది ఆరు నెలలు ఆగినా ఫరవాలేదు. ఆర్‌సీసీబీ పెట్టాక వానల్లో మాటిమాటికీ పడిపోయి కరెంటు ఆగుతుంటే విసుగుతో తీయించకండి, ఎక్కడో లీకుందని అర్థం. వెతికించండి.

పెరట్లో బట్టలారేసే దండెం ఇనుప తీగైతే లీకైన కరెంటు దాంట్లోకీ రావచ్చు, దాన్నీ ఈ రోజే తీసి నైలాన్ తాడు కట్టండి.