పండగ మూడ్రోజులూ పెడతారు, ఆ తర్వాతే కష్టం

"సంక్రాంతికి ఇల్లు లేని కుటుంబాలను మీ ఊరివాళ్లు పట్టించుకుంటారా?" అని అడిగారు. మా కోనసీమలో పెట్టే చేతికి కొదవ లేదండీ. వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ డొక్కా సీతమ్మ గారు అన్నం పెట్టిన లంకల గన్నవరం మాకు దగ్గరే. నా పేచీ అంతా ఎప్పుడు పెడుతున్నారు, ఏం పెడుతున్నారు అన్న దగ్గరే.

మా ఊరి కాలవగట్టు మీద ఒక కుటుంబం ఉంటోంది. లంకలో ఇల్లు గోదావరి కోతకి పోతే ఇటొచ్చారు. నాలుగు వాసాలు, పైన టార్పాలిన్, ముందు ఎవరో పారేసిన పాత తలుపు. మా దగ్గర భోగి ముందు రాత్రి కుర్రాళ్లు కర్రా కంపా ఎత్తుకుపోవడం ఒక సరదా. ఓ ఏడాది ఆ తలుపూ పట్టుకుపోయారు. పాత చెక్కే కదా అనుకున్నారట! తెల్లవారుజామున చలి కాచుకోవడానికి వచ్చిన ఆ ఇంటి పిల్లలు, మంటలో గొళ్లెం చూసి గుర్తుపట్టేశారు.

అప్పుడు మా పెద్దమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "తలంట్లు తర్వాతరా, ముందు వాళ్ల ఇల్లు నిలబెట్టండి" అని కుర్రాళ్లందర్నీ గట్టు మీదకి తోలింది. కోనసీమలో కొబ్బరాకుకి కరువా? ఆడవాళ్లు ఆకు అల్లారు, ఒకాయన వెదుళ్లిచ్చాడు, మధ్యాహ్నానికి పాక లేచింది. తలుపు మాత్రం మా పెద్దమ్మ వాళ్ల పశువుల సావిడిది. నేను చూసిన సాయాల్లో పనికొచ్చిన సాయం అదొక్కటే, అదీ దొంగతనం పుణ్యమా అని.

ఆ సాయంత్రమే ఎవరో బ్యానర్ కట్టుకుని దుప్పట్లు తెచ్చారు. ఫొటో సరిగ్గా పడలేదని ఆ ఇల్లాలి చేత ఒకే దుప్పటి రెండుసార్లు పుచ్చుకోబెట్టారు. కోడిపందాల బరి దగ్గర నోట్ల కట్టలు విసిరేవాళ్లు దుప్పటి దగ్గరికొచ్చేసరికి ఇంత పల్చటివి ఎక్కడ వెతికి తెస్తారో!

పండగ నాడు నాలుగిళ్ల నుంచి పరమాన్నం వచ్చింది. తినలేక సగం పులిసిపోయింది. ముక్కనుమ దాటాక అటు తొంగిచూసినవాడు లేడు. అసలు ఆ పిల్లలకు పండగ సెలవులే కష్టకాలం. బడి ఉంటే మధ్యాహ్నం అన్నం, గుడ్డు దొరుకుతాయి. 2024లో ఆ పథకానికి సీతమ్మ గారి పేరే పెట్టారు. బడి మూస్తే ఆ ముద్దా లేదు. సెలవులేమో భోగికి ముందే మొదలైపోతాయి, పెట్టేవాళ్లకి మాత్రం పండగ రోజే గుర్తొస్తుంది.

ఏదైనా చేయాలనుంటే మీ ఊరి బడిలో వంట చేసే ఆవిడని అడగండి. ఏ పిల్లాడు రెండోసారి అన్నం పెట్టించుకుంటాడో ఆవిడకి తెలుసు. సెలవులిచ్చే రోజే బియ్యం, పప్పు, నూనె, గుడ్లు ఆ ఇంటికి ఇచ్చేయండి, పొయ్యి వాళ్లకీ ఉంది, వండుకుంటారు. దుప్పట్లు మాత్రం వద్దు బాబూ, ఆ పాకలో ఇప్పటికే ఓ మూట ఉంది.