బ్లాస్టింగ్ డ్యూటీ ఎక్కబోతున్న అల్లునికి

అల్లుడా,

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల బ్లాస్టింగ్ నీకప్పజెప్పిండ్రని మీ అత్త చెప్పింది, మస్తు సంతోషమైంది. కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ 2017 అంత నువ్వు పరీక్షకు బట్టీ పట్టే ఉంటవ్, అది నేను మళ్ల చెప్పను. మందు పేలేది గనిల, దాని లెక్క తేలేది మాత్రం ఊళ్లె, ఇదొక్కటి యాదిపెట్టుకో.

సింగరేణికి రాకముందు వేరే దిక్కు ఓ కంకర క్వారీల చేసిన, అప్పటి ముచ్చట. వానకాలం, మందు నింపే హోల్సన్నీ నీళ్లతోని నిండినయ్, చీకటైతదని తొందరపడి, మందు మీద హోల్ మూతికి కొట్టే స్టెమ్మింగ్ సగమే పోయించి పైన బురద తోసిన. తప్పు నాదే. గుమ్మడికాయంత రాయి ఎగిరిపోయి ఓ ముసలవ్వ పెంకుటింటి మీద పడ్డది. బర్రెకు గడ్డెయ్యనీకి బయటికి పోయింది గాబట్టి బతికింది. నేను ఉరికి పోయేసరికి పగిలిన పెంకుల సందు నుంచి చినుకులు పడి పొయ్యిల బూడిద ముద్దయింది. ఆమె నన్ను ఒక్క మాట గూడ అనలే, గిన్నె తెచ్చి ఆ చినుకు కింద పెట్టింది.

అందుకే స్టెమ్మింగ్ టైముకు నువ్వే నిలబడు. నీళ్లున్న హోల్‌కు సన్న కంకర పోయించు, బురద అస్సలు ఆగదు. ముందు వరుస ఫేస్, అంటే ముంగటి రాతి గోడ, కిందికి దిగి చూడు, తవ్వే షావెల్ మిషన్ కొరికిన కాడ రాయి పల్చగుంటది, ఆడ మందు తగ్గించాలె లేకపోతే రాయి అటే తన్నుకొస్తది. 500 మీటర్ల డేంజర్ జోన్ల మేకలు కాసే పిలగాండ్లు ఉంటరు, సైరన్ వాళ్లకు అలవాటైపోయి లేవరు, మనిషిని పంపి లేపియ్యి.

అదురు సంగతి. మొత్తం ఎన్ని టన్నుల మందు అని గాదు, ఒక్క డిలేల, అంటే ఒకే క్షణంల, ఎంత పేలుతుంది అన్నదే అసలు లెక్క. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997 సర్క్యులర్‌ల ఊరి ఇండ్ల కాడ అదురు ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపైతే దాని వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటొద్దు, 8 నుంచి 25 దాక 10, ఆపైన 15. తక్కువ ఫ్రీక్వెన్సీకి ఎందుకంత కట్టడి అంటే ఇల్లు గూడ అదే తీరుగ ఊగుతది. అదురు కొలిచే మినీమేట్‌ను మన ఆఫీసు ముంగట గాదు, ఊరికి మొదటి ఇంటి గోడ పక్కన పెట్టు. రీడింగ్ 2 వచ్చినా ఇంట్ల గిన్నెలు గలగలమంటయ్, వాళ్లు లొల్లి జేస్తే అబద్ధం అనకు, కూసొని కాయితం చూపియ్యి. పాత పగుళ్లను ముందే ఫోటోలు తీసిపెట్టు.

ఇగ మన్ను. ఓపెన్‌కాస్ట్ అంటే బొందలగడ్డ అని జనం ఊకనే అంటలేరు. బొగ్గు మీదుండే రాయిమన్ను, అదే ఓబీ, తియ్యకముందే పై మన్ను వేరే కుప్ప పోయించు, డంపర్లోళ్లు కలిపేస్తే మళ్ల ఆ మన్ను యాడికెళ్లి తెస్తవ్? గని మూసినంక నేల బాగుచేయనీకని, 2009ల హెక్టారుకు 6 లక్షల లెక్కన వేరే పనికి ముట్టరాని ఎస్క్రో ఖాతాల పైసలు పెట్టాలని రూల్ వచ్చింది, పైసలుంటయ్ గానీ పైసల మీద గడ్డి మొలవది గద. ఓబీ గుట్టను మెట్లు మెట్లుగ పోసి, చుట్టూ వాన నీళ్లు పట్టే కాల్వ, అదే గార్లండ్ డ్రెయిన్, మిరుగు లోపలే తవ్వియ్యి, లేదంటే మొదటి వానకే బురద చెర్వుల ఉంటది. ముందు గడ్డి పట్టనియ్యి, తర్వాత కానుగ, నేరేడు, వెదురు పెట్టు. ఒట్టి నీలగిరి నాటి ఫోటో దిగుడు నాకైతే నచ్చదు.

దసరాకు వస్తవు గద, రీడింగుల రిజిస్టర్ జిరాక్స్ పట్టుకరా, ఇద్దరం కూసొని చూద్దాం.

మీ మామ