పెచ్చులు లేస్తే అదీ యాంటిక్ ఫినిషేనా?

ప్రశ్న: మాది గుంటూరు. కిందటి శ్రావణమాసంలో గృహప్రవేశం చేశాం. వంటింటి అలమరాలకు పాతకాలపు కళ రావాలని ముచ్చటపడి యాంటిక్ ఫినిష్ చేయించాం. పాలమీగడ రంగు వేసి, అంచుల దగ్గర అరగదీసి, చెక్కడం గాడుల్లో ముదురు గోధుమరంగు నింపారు. కాంట్రాక్టర్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. మొత్తం 3,80,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. 3,30,000 ఇచ్చేశాం. మిగతా 50,000కి పోస్ట్‌డేటెడ్ చెక్కు ఇచ్చాం, ఆ తేదీ ఇంకా రాలేదు. నాలుగు నెలలకే సింక్ కింద, పొయ్యి పక్కన షట్టర్ల మీద రంగు పెచ్చులుగా లేస్తోంది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు గోధుమరంగు అంటుకుంటోంది. అడిగితే, "యాంటిక్ ఫినిష్ అంటేనే పాతబడినట్టు ఉండటం మేడమ్" అంటున్నారు. చెక్కు ఆపితే మనుషుల్ని పంపి షట్టర్లు ఊడదీసుకుపోతామని బెదిరిస్తున్నారు. పని మొదలుపెట్టేముందు చిన్న పలక మీద వేసి చూపించిన శాంపిల్ మా దగ్గరే ఉంది. వేరే పెయింటర్‌తో మళ్లీ రంగు వేయించుకోవచ్చా? చెక్కు ఆపవచ్చా?

జవాబు: అమ్మా, రంగు వేయించుకునే పని కొన్నాళ్లు ఆపండి. చెడిపోయిన ఆ షట్టర్లే మీ సాక్ష్యం. వాటి మీద కొత్త రంగు పడిన రోజున మీ కేసు సగం చెరిగిపోతుంది. ఆ శాంపిల్ పలకను గుడ్డలో చుట్టి జాగ్రత్తగా బీరువాలో పెట్టండి. మీ దగ్గరున్న కాగితాలన్నిటికన్నా దానికే విలువ ఎక్కువ.

ఎందుకంటే ఈ తగాదా అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: కావాలని పాతబరిచింది ఎంత, పని చెడి పాడైంది ఎంత? కాంట్రాక్టర్ ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది. ఉప్పుకాగితంతో అరగదీసిన చోట రంగు అంచుల దగ్గర, పిడి చుట్టూ, అంటే చెయ్యి తగిలే చోట్ల పలచబడుతుంది. వేలితో రాస్తే నునుపుగా ఉంటుంది, గోరు పెట్టి గీకినా లేవదు. మీ షట్టర్ల మీద అలా కాదు, బొబ్బ కట్టి పెచ్చు లేస్తోంది. నీళ్లు, ఆవిరి తగిలే చోటే లేస్తోంది. శాంపిల్ పలకను అదే తడిగుడ్డతో తుడిచి చూడండి. దానికి రంగు అంటకుండా షట్టర్‌కు మాత్రం అంటితే, ఇంట్లో చేసిన పనిలో రంగుకు రక్షణగా పైన వేయాల్సిన క్లియర్ కోటు (పారదర్శకమైన పూత) వేయలేదనో, సరిగా వేయలేదనో అనుమానించాలి. ఈ రెండిటినీ ఒకే వీడియోలో, ఆపకుండా, పగటి వెలుతురులో తీయండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం, ఒప్పుకున్న పనిని చేసిన తీరులో, నాణ్యతలో ఉన్న ఏ కొరతైనా సేవాలోపమే. శాంపిల్ చూపించి అమ్మితే సరుకు శాంపిల్‌కు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 17 చెబుతుంది. మీది పనీ సరుకూ కలిసిన ఒప్పందం కాబట్టి ఆ సెక్షన్ నేరుగా వర్తించదని అవతలి వకీలు వాదించవచ్చు. వాదించనివ్వండి. శాంపిల్ చూపించి ఒప్పించారంటే అదే ఒప్పందపు కొలత. మీ ఫిర్యాదు నిలబడటానికి అది చాలు.

ఇప్పుడు కాంట్రాక్టర్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఏయే షట్టర్లు చెడ్డాయో, ఎప్పటి నుంచో రాసి, 15 రోజుల్లో వచ్చి చూసి శాంపిల్‌కు తగ్గట్టు సరిచేయమని అడగండి. ఒక అవకాశం ఇవ్వడం న్యాయం, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీకు బలం కూడా. రాకపోతే, ఈ పని తెలిసిన స్వతంత్ర పెయింటర్ చేత చూపించి, లోపం ఏమిటో, పాత రంగు గీకి మళ్లీ వేయడానికి ఎంత అవుతుందో సంతకంతో రాయించుకోండి. వాట్సాప్ సంభాషణలు డిలీట్ చేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి.

చెక్కు విషయంలోనే మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. పేమెంట్ ఆపమని బ్యాంకుకు చెప్పినంత మాత్రాన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు రాదనుకోవద్దు, రావచ్చు. అయితే ఖాతాలో సరిపడా డబ్బుండి, బాకీ నిజంగా లేదన్న సరైన కారణంతోనే ఆపారని మీరు నిరూపిస్తే నేరం కాదని సుప్రీంకోర్టు మెడ్చల్ కెమికల్స్ కేసులో చెప్పింది. కాబట్టి మూడు పనులు తప్పనిసరి. పని శాంపిల్ ప్రకారం పూర్తి కాలేదు కాబట్టి ఆ 50,000 ఇంకా చెల్లించాల్సింది కాదని చెక్కు తేదీకి ముందే ఉత్తరంలో రాయండి. తర్వాత బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టండి. చెక్కు గడువు తీరేదాకా ఖాతాలో ఆ 50,000 కదపకండి. అయినా వాళ్లు చెక్కు వేసి, అది తిరిగొచ్చాక నోటీసు పంపితే, అందిన 15 రోజుల్లోపు వకీలు ద్వారా జవాబివ్వండి. ఆ నోటీసును పక్కన పడేసి చిక్కుల్లో పడినవాళ్లను చాలామందిని చూశాను.

కేసుకు హైదరాబాద్ వెళ్లాల్సిన పనిలేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. పని అప్పగించిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, అదే క్షేమం. కమిషన్ నోటీసు అందిన అవతలి పార్టీకి జవాబివ్వడానికి 30 రోజులు, మరీ అడిగితే ఇంకో 15 రోజులే. ఆ 45 రోజుల తర్వాత కమిషన్ కూడా గడువు పెంచలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫిర్యాదులో మళ్లీ వేయించడానికయ్యే ఖర్చు, మానసిక వేదనకు సముచితమైన పరిహారం, కేసు ఖర్చులు అడగండి. మీరు ఇచ్చిన 3,30,000 మొత్తం వాపసు అడగమని నేను చెప్పను. చెక్క, బాక్సులు బాగున్నప్పుడు ఆ కోరిక నిలవదు.

ఇక రంగు సంగతి. నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం మీ మీదా ఉంటుంది. కాబట్టి వీడియో, పెయింటర్ రిపోర్టు చేతికొచ్చి, ఉత్తరంలో ఇచ్చిన 15 రోజుల గడువు దాటాక, అన్నిటికన్నా పాడైన రెండు షట్టర్లను అలాగే ఉంచి మిగతావి బాగుచేయించుకోండి. బిల్లు తీసుకోండి. విప్పిన షట్టర్ల వెనుక తేదీ రాసి ఫోటో తీయండి.

షట్టర్లు ఊడదీసుకుపోతామన్న బెదిరింపుకు టెన్షన్ పడకండి. ఇంటికి బిగించాక అవి మీవి. బాకీ ఉందనుకుంటే ఆయన కోర్టుకు వెళ్లాలి గానీ మీ వంటింట్లోకి రావడానికి హక్కు లేదు. ఎవరైనా వస్తే గేటు దగ్గరే ఆపి, ఫోన్‌లో రికార్డు చేస్తూ 112కి ఫోన్ చేయండి.